తేనెటీగలకు కుంపటి వలయునా?

పుష్యమాసమున మన కాగజ్‌నగరు ప్రాంతమందు కొన్ని వేకువలలో ఉష్ణమానము 10 డిగ్రీలకు దిగువకు జారును. అట్టి రాత్రి యొకప్పుడు నేను జాలిపడి, తేనెపెట్టె క్రింద నిప్పుల కుంపటి నుంచితిని. నాది న్యూటను పెట్టె. 20వ శతాబ్దారంభమున తిరుచిరాపల్లి ప్రాంతమున నొక క్రైస్తవ గురువు మన దేశపు చిన్న యీగకు తగినట్లు రూపొందించినది. తెల్లవారి చూడగా, ద్వారము ముందు వందలకొలది యీగలు కొయ్యబారి పడియుండెను.

చలి వేళ నీగలు గుంపుగా హత్తుకొని, రెక్కల నాడింపకయే రెక్కల కండరములను వణికించి వేడి పుట్టించుకొనును. పిల్లపురుగులున్న తావున సుమారు 34 డిగ్రీల వేడిని నిలుపును. ఆ పొయ్యికి వంటచెరకు తేనెయే. క్రిందినుండి వేడి తగిలినచో గుంపు విడిపోవును. వెలికి వచ్చిన యీగ చల్లగాలికి యెగురలేక కూలును. పొగ సంగతి చెప్పనక్కరలేదు.

నెలల తరబడి మంచు పడు దేశములలో కొందరు విద్యుత్తుతో పెట్టెలను వెచ్చజేయుదురు. మనకు మధ్యాహ్నపు టెండ కలదు.

చలికంటె తడి ప్రమాదకరము. ఈగల యూపిరిలోని యావిరి చల్లని మూతకు తగిలి నీరై వానిపై కారును. కావున మూత క్రింద పొడి గోనెపట్ట పరచి, పెట్టెను ముందునకు కొంచెము వాల్చవలెను. ద్వారమును చిన్నది చేసి, ఉత్తరపు గాలికి తడిక కట్టవలెను.

అన్నిటికంటె ముఖ్యము తేనె. కార్తీకమున పట్టులన్నియు పిండుకొని పుష్యమున కుంపటి పెట్టుట యేమి దయ? ఆ యేడు నేను చేసిన దదియే. ఇప్పుడు పెట్టె నెత్తి బరువు చూచి, తేలికగా నున్నచో చిక్కని పంచదార పాకము చల్లార్చి, సాయంకాలమున లోపల నుంచుచున్నాను.