గుడ్ల కోసం ఎదురీదే పులస వలలకు బలి

ధవళేశ్వరం: పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాల్లో తెలియనివారు లేరు. ఆ చేపకు రుచి తెచ్చే గుణమే దానికి ముప్పుగా మారడం గమనార్హం.

సముద్రంలో వున్నంతకాలం అది ఇలస. వరద ఎర్రనీరు కడలిలో కలిసే వేళ, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కితే పులస. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ ప్రయాణం ముమ్మరంగా సాగుతుంది. ఎదురీతకు బలాన్నిచ్చేది ఒంట్లో పేరుకున్న కొవ్వు. పులుసుకు రుచి తెచ్చేదీ అదే. నీటిలో తేలాడే సన్నని నాచును, కంటికి ఆనని పురుగులను మొప్పలతో జల్లెడ పట్టి తింటుంది గనుక గాలానికి పడడం అరుదు. వల వేయవలసిందే.

పెద్ద ఆడచేప కడుపులో గుడ్లు లక్షల్లో వుంటాయి. పిల్లలు కొన్ని నెలలు మంచినీటిలో పెరిగి సముద్రానికి దిగుతాయి.

చిక్కంతా ఇక్కడే వున్నది. మంచి ధర పలికేదీ, గుడ్లు పెట్టేదీ ఒకే రోజుల్లో. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ చేపకు పైదారి మూసివేశాయి. మిగిలిన దిగువ గోదావరిలోనే అది గుడ్లు పెట్టాలి. వలలన్నీ అక్కడే.

సన్నకన్ను వలలు మానడం, పడిన పిల్లచేపలను నీటిలో వదలడం, వరద రోజుల్లో కొన్నాళ్లయినా వల ఒడ్డున పెట్టడం గురించి రేవుల్లో పెద్దలు కూర్చుని ఆలోచించాలి. ఈ ఏటి గుడ్డు బతికితేనే గదా, రేపటి వరదకు పులస!