గాలి కొరతా, గేరు కొరతా? సూపర్‌చార్జర్ కథ

ఒక లీటరు పెట్రోలు ఇంజిన్‌లో పూర్తిగా మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. బరువులో చెప్పుకుంటే గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. ఇంజిన్ బలానికి హద్దు ఎక్కడుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పెట్రోలు ఎక్కువ పోయడం తేలిక. ఇంజెక్టర్ కాస్త ఎక్కువసేపు తెరుచుకుంటే సరిపోతుంది. గాలి దగ్గరే వస్తుంది చిక్కు. పిస్టన్ కిందికి దిగినప్పుడు వాతావరణం తనంతట తాను ఎంత నెడితే అంత గాలే సిలిండర్‌లోకి వెళ్తుంది. అంతకు మించి నెట్టడానికి పెట్టిన పంపు పేరే సూపర్‌చార్జర్. టర్బోచార్జర్ పొగ వేగంతో తిరిగితే, ఇది ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టుతో తిరుగుతుంది.

కొండదారుల్లో, ఇసుక దిబ్బల్లో జీపులు నడిపే అమెరికన్లు ఈ పంపును బిగించుకోవాలా వద్దా అని చాలాకాలంగా తర్జనభర్జన పడుతున్నారు. వాళ్లలో ముందువరస జీప్ రాంగ్లర్ జేకే యజమానులది. 2007 నుంచి 2011 దాకా ఆ బండికి పెట్టిన 3.8 లీటర్ల వీ6 ఇంజిన్ అంతకుముందు క్రైస్లర్ మినీవ్యాన్లలో పనిచేసింది. దాని బలం 202 హార్స్‌పవర్. నాలుగు తలుపుల రాంగ్లర్ ఖాళీగానే రెండు టన్నుల దాకా తూగుతుంది. దానికి ఇనుప బంపర్లు, వించ్, 37 అంగుళాల టైర్లు తగిలించి కొండెక్కిస్తే ఇంజిన్ ఆయాసపడుతుంది. అలాంటప్పుడు సూపర్‌చార్జర్ ప్రకటనలోని హార్స్‌పవర్ అంకె మనసు లాగుతుంది. కానీ ఆ అంకె ఒక్కటే చూసి తేల్చుకునే సంగతి కాదిది. 160 ఏళ్లకు పైబడ్డ తన జీవితంలో ఈ యంత్రం ఎక్కడ మెప్పించిందో, ఎక్కడ చతికిలబడిందో చూస్తే దారి కనిపిస్తుంది.

ఉన్ని మిల్లులో పుట్టుక

కారు పుట్టకముందే ఈ పంపు పుట్టింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కనర్స్‌విల్ ఊళ్లో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములకు ఉన్ని మిల్లు ఉండేది. మిల్లును నడిపే నీటిచక్రం కన్నా మెరుగైనది చేద్దామని, ఒక పెట్టెలో రెండు చెక్క రోటర్లను ఎదురెదురుగా తిరిగేలా అమర్చారట. చెక్క నీటిలో నాని ఉబ్బి బిగుసుకుపోయిందని, దాన్ని చెక్కి సరిచేసి ఉత్తినే తిప్పి చూస్తే లోపల్నుంచి కొట్టిన గాలికి పక్కనున్న మనిషి టోపీ ఎగిరిపోయిందని కథగా చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1860లో వాళ్లు తీసుకున్న పేటెంటు గాలి ఊదే యంత్రానికే. ఆ బ్లోయర్ ఇనుము కరిగించే కొలుములకు గాలి ఊదింది, గనుల్లో పనిచేసేవాళ్లకు ఊపిరి అందించింది. 1870లో ఆల్ఫ్రెడ్ ఈలీ బీచ్ న్యూయార్క్ నేలకింద గాలి ఒత్తిడితో నడిపి చూపిన రైలుపెట్టెను నెట్టిందీ రూట్స్ బ్లోయరే.

దాని పని చాలా సరళం. రోటర్ల సందుల్లో చిక్కిన గాలిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మోసుకెళ్లి దించుతుంది. లోపల ఏమాత్రం నొక్కదు. అవతల ఇంజిన్ మింగగలిగిన దానికన్నా ఎక్కువ గాలి చేరితే అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఈ పద్ధతిలో గాలి బాగా వేడెక్కుతుంది. 1930ల్లో స్వీడన్ ఇంజినీరు ఆల్ఫ్ లిషోల్మ్ పెనవేసుకుని తిరిగే రెండు స్క్రూల మధ్య గాలిని నొక్కి పంపే పద్ధతిని అభివృద్ధి చేశాడు. అందులో వేడి తక్కువ. మూడోది సెంట్రిఫ్యూగల్ రకం. అందులో పంకా అతివేగంగా తిరుగుతూ గాలిని అంచుకు విసురుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. అంటే వేగం సగమైతే ఒత్తిడి పావు వంతుకు పడిపోతుందన్నమాట. నిదానంగా నడిచే బండికి ఏ రకం కావాలో నిర్ణయించేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం.

గాలి పలచబడ్డ చోట

ఈ పంపును ఇంజిన్‌కు బలంగా అతికించింది విమానం. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్ నీరసిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో డైమ్లర్ ఇంజినీర్లు విమాన ఇంజిన్ల కోసం దీనిమీద పనిచేశారు. ఆ అనుభవంతోనే 1921లో బెర్లిన్ మోటార్ ప్రదర్శనలో సూపర్‌చార్జర్ ఉన్న మెర్సిడెస్ కార్లను జనం ముందు పెట్టారు. వాటిలో పంపు ఎప్పుడూ తిరగదు. డ్రైవర్ యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కినప్పుడే క్లచ్ దాన్ని కలుపుతుంది. అవసరమైనప్పుడే ఊదాలన్న తెలివి మొదట్నుంచీ ఉంది.

ఆ తెలివిని పక్కన పెట్టిన కథ బెంట్లీది. బ్రిటన్ రేసర్ టిమ్ బిర్కిన్ నాలుగున్నర లీటర్ల బెంట్లీకి ఏమ్‌హర్స్ట్ విలియర్స్ రూపొందించిన సూపర్‌చార్జర్‌ను ముందుభాగంలో బిగింపజేశాడు. 110 హార్స్‌పవర్ ఇంజిన్ అమ్మకపు కారులో 175కు చేరింది. కంపెనీ స్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ఇది నచ్చలేదు. బలం కావాలంటే ఇంజిన్ పెద్దది చేయాలన్నది ఆయన వాదం. 1929, 1930లలో లెమాన్స్ 24 గంటల పందెం గెలిచింది ఆయన నమ్ముకున్న ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్. బ్లోయర్ బెంట్లీ అపారమైన పేరు సంపాదించింది గానీ లెమాన్స్‌లో ఒక్కసారీ గెలవలేదు.

రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమాన ఇంజిన్ చరిత్ర దీనికి పూర్తిగా భిన్నం. 1938లో ఆ కంపెనీలో చేరిన స్టాన్లీ హూకర్ గణితం చదువుకున్నవాడు. మెర్లిన్ సూపర్‌చార్జర్‌లో గాలి ఎక్కడ తడబడుతోందో లెక్కగట్టి దారి సుగమం చేశాడు. తర్వాత రెండంచెల సూపర్‌చార్జర్, వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ వచ్చాయి. వాటితో 1942లో స్పిట్‌ఫైర్ మార్క్ 9 యుద్ధవిమానం రంగంలోకి దిగింది. 27 లీటర్ల పరిమాణం అణువంతైనా పెరగకుండా, మొదట్లో వెయ్యి హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజిన్ చివరి రకాల్లో రెండు వేలు దాటింది. మేలిరకం పెట్రోలు కూడా అందులో పాలుపంచుకుంది.

నేలమీద ఇంకో ఉదాహరణ 1938లో జనరల్ మోటార్స్ తెచ్చిన ‘71’ సిరీస్ డీజిల్ ఇంజిన్లు. అవి టూ స్ట్రోక్ రకం. గాలి పీల్చడానికి విడిగా స్ట్రోకే లేదు కనుక బ్లోయర్ ఊదకపోతే అవి నడవనే నడవవు. యుద్ధంలో సైనికులను ఒడ్డుకు చేర్చిన పడవలకు ఈ ఇంజిన్లే బిగించారు. యుద్ధం ముగిశాక అమెరికా కుర్రకారు పాత ట్రక్కుల, బస్సుల ఇంజిన్ల నుంచి ఆ బ్లోయర్లు ఊడదీసి డ్రాగ్ రేసు కార్లకు బిగించుకున్నారు.

ఈ చరిత్రలో ఒక వరుస స్పష్టంగా కనిపిస్తుంది. గని, కొలిమి, ఆకాశం, టూ స్ట్రోక్ డీజిల్: నిజంగా గాలి చాలని ప్రతిచోటా ఈ యంత్రం నిలబడింది. కొరత ఇంకెక్కడో ఉన్నప్పుడు దానికి పేరు మిగిలిందే తప్ప గెలుపు దక్కలేదు. రాంగ్లర్ యజమాని ముందుగా తేల్చుకోవాల్సిందీ ఇదే: తన బండికి కొరత దేనిది?

రాయి మీద లెక్క

యూటాలోని మోయాబ్ రాతి గుట్టలనో, కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్‌నో తీసుకుందాం. అక్కడ బండి మనిషి నడక కన్నా నెమ్మదిగా కదులుతుంది. జేకేలో రూబికాన్ అనే రకం కూడా ఉంది. మాన్యువల్ గేర్ల జేకే రూబికాన్‌లో మొదటి గేరు నిష్పత్తి 4.46, ట్రాన్స్‌ఫర్ కేసు ‘లో-రేంజ్’ నిష్పత్తి 4, యాక్సిల్ గేరు 4.10. మూడింటినీ గుణిస్తే 73. ఇంజిన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ సుమారు 320 న్యూటన్ మీటర్లు. దాన్ని 73తో హెచ్చిస్తే చక్రాల దగ్గర 23 వేల పైచిలుకు. మరి టైర్లు నేలను ఎంత పట్టుకోగలవు? రెండు టన్నుల బండి, 32 అంగుళాల టైర్లు, మంచి పట్టున్న రాయి అనుకున్నా 8 వేల న్యూటన్ మీటర్ల దగ్గర టైరు జారిపోతుంది. గేర్లలో ఘర్షణకు పోయేది తీసేసినా చేతిలో ఉన్న బలం నేల మోయగలిగిన దానికి రెండింతలకు పైమాటే. రాతి మీద జేకే రూబికాన్‌కు బలం కొరత లేదు. అక్కడ సూపర్‌చార్జర్ తెచ్చే అదనపు టార్క్ టైరును జార్చడానికీ, యాక్సిల్‌ను విరవడానికీ తప్ప ఉపయోగపడదు. పైగా యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కినంతసేపూ బైపాస్ వాల్వు తెరుచుకుని పంపు గాలిని తిరిగి తన నోటికే పంపుతుంది. రాళ్ల మీద అది దాదాపు ఊరికే తిరుగుతుంటుంది.

పెద్ద టైర్లు వేసినప్పుడు తగ్గేది గేరు. 32 అంగుళాల నుంచి 37కు వెళ్తే చక్రం దగ్గర నెట్టే శక్తి 13 శాతానికి పైగా పడిపోతుంది. యాక్సిల్‌లో 4.10 బదులు 5.13 గేర్లు వేయిస్తే 25 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఐడిల్ దగ్గర్నుంచి పూర్తి వేగం దాకా, అన్ని గేర్లలో ఉంటుంది. వేడి లేదు, వేరే పెట్రోలు అక్కర్లేదు, ఖర్చు సూపర్‌చార్జర్‌లో కొంత భాగమే. ఒక్క జాగ్రత్త ఉంది. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ గేరు చిన్నదవుతుంది. రూబికాన్ కాని జేకేలకు ముందు ఉండే డానా 30 యాక్సిల్‌లో అది బలహీనత అవుతుంది.

ఎత్తు మీద లెక్క

ఇప్పుడు కొలరాడో వెళ్దాం. డెన్వర్ నుంచి పడమరగా ఐ-70 రహదారి 11 వేల అడుగులు దాటి ఐసెన్‌హోవర్ సొరంగంలోకి ఎక్కుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజిన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. 202 హార్స్‌పవర్ అక్కడ 140 దగ్గర ఆగిపోతుంది. గేర్లు మారిస్తే ఇంజిన్ తనకు అనువైన వేగంలో తిరుగుతుంది, నిజమే. కానీ గేరు గాలిని పుట్టించలేదు. ఇక్కడ కొరత గాలిదే.

సూపర్‌చార్జర్ పని ఇక్కడ మొదలవుతుంది. సముద్రమట్టంలో 6 పీఎస్‌ఐ బూస్ట్ (అదనపు ఒత్తిడి) ఇచ్చే పంపు గాలి ఒత్తిడిని 1.41 రెట్లు చేస్తుంది. 13,114 అడుగుల ఇమోజీన్ పాస్ మీద వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి 61 శాతం. దాన్ని 1.41తో హెచ్చిస్తే 86 శాతం. ఒత్తిడి వరకు చూస్తే ఇంజిన్‌కు తాను 4 వేల అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉన్నట్టు లెక్క. ఇసుక దిబ్బల మీద, బరువైన ట్రెయిలర్ లాగుతూ ఎక్కే పొడుగాటి రహదారి మీద కూడా కొరత గాలిదే. చక్రాలు వేగంగా, ఆగకుండా తిరగాల్సిన చోట్లు అవి.

పంపుతో పాటు వచ్చేవి

ఒత్తిడి 41 శాతం పెరిగితే బలం 41 శాతం పెరగదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. 27 డిగ్రీల గాలి సాధారణ రూట్స్ పంపులోంచి 80 డిగ్రీల దరిదాపుల్లో బయటికొస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కనుక సాంద్రతలో మిగిలే లాభం 20 శాతమే. ఇంటర్‌కూలర్ దాన్ని 50 డిగ్రీలకు దించితే లాభం 30 శాతానికి చేరుతుంది. పంపును తిప్పడానికి అయ్యే బలం అందులోంచే పోవాలి. అందుకే ఇంటర్‌కూలర్ లేని కిట్ గురించి ఆలోచించకపోవడమే మేలు.

ఆ ఇంటర్‌కూలర్ వేడిని వదిలే రేడియేటర్ అసలు రేడియేటర్‌కు ముందే కూర్చుంటుంది. దానికి ముందు వించ్ ఉంటుంది. నెమ్మదిగా నడిచే బండికి ఎదురుగాలి ఉండదు. ఎండలో అసలే వేడెక్కే ఇంజిన్‌కు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెకు ఇది అదనపు భారం. వేడి ఎక్కువైతే మిశ్రమం తన సమయానికి ముందే అంటుకుని ఇంజిన్ ‘నాక్’ కొడుతుంది. అది పిస్టన్లను తినేస్తుంది. అందుకే 87 ఆక్టేన్ పెట్రోలుతో గడిచే ఇంజిన్‌కు సాధారణంగా 91 ఆక్టేన్ పోయాలి, కంప్యూటర్ ట్యూనింగ్ మార్చాలి. మారుమూల దారుల్లో ఆ పెట్రోలు దొరుకుతుందా అన్నది చిన్న ప్రశ్న కాదు.

చట్టం కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉన్న కిట్‌నే రోడ్డు మీది బండికి బిగించాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన మూల లక్షణాలు మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఇక్కడ ఆ అవసరమూ తక్కువే. 2020 నుంచి వస్తున్న థార్ బండ్ల ఇంజిన్లకు టర్బో కంపెనీలోనే బిగించి వస్తుంది.

తేల్చుకోవడం ఎలా?

బరువు తగ్గించుకోవడం, టైర్లకు తగ్గ గేర్లు వేయించుకోవడం, కూలింగ్ వ్యవస్థను బాగుచేయించుకోవడం ముందు జరగాలి. ఇవి చేయకుండా సూపర్‌చార్జర్ కొనడాన్ని నేను గట్టిగా వద్దంటాను. తర్వాత మీరు ఎప్పుడూ తిరిగే దారిలో, అన్నిటికన్నా కష్టమైన ఎక్కుడు దగ్గర, టాకోమీటర్ మీద కన్నేసి ఉంచండి. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా ఇంజిన్ 2 వేల చుట్టుపక్కలే మూలుగుతోందా? కింది గేరు వేస్తే మరీ వేగంగా అరుస్తోందా? అయితే కొరత గేరుది. సరైన గేర్లో, ఇంజిన్ తన గరిష్ఠ బలం చూపే వేగంలో తిరుగుతూనే బండి ముందుకు పోలేకపోతోందా? అయితే కొరత గాలిది.

రెండో జవాబు వచ్చినవాళ్లు, ముఖ్యంగా 3.8 లీటర్ల జేకేతో ఎత్తైన కనుమల్లో, ఇసుకలో తిరిగేవాళ్లు, నిశ్చింతగా సూపర్‌చార్జర్ వైపు వెళ్లవచ్చు. తక్కువ వేగంలోనే గాలి అందించే రూట్స్ లేదా స్క్రూ రకం, మితమైన బూస్ట్, ఇంటర్‌కూలర్, చట్టబద్ధమైన ధ్రువీకరణ ఉన్న కిట్ ఎంచుకోవాలి. 2012 నుంచి వచ్చిన 285 హార్స్‌పవర్ పెంటాస్టార్ ఇంజిన్ ఉండి, ఎక్కువగా రాళ్ల మీదే తిరిగేవాళ్లు ఆ డబ్బుతో గేర్లు, రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్లు, గట్టి యాక్సిల్ షాఫ్టులు కొనుక్కోవడం మంచిది. కనర్స్‌విల్ అన్నదమ్ముల పంపు ఇచ్చేది గాలి ఒక్కటే. అది చాలని ఇంజిన్‌కు అంతకన్నా మేలైన సాయం లేదు.