గ్యాసు కంటే ముందు సెన్సర్ చూడండి

మా పావగడలో ఏసీ సరిగ్గా పనిచేయకపోతే ముందు వినిపించే మాట ఒక్కటే: "గ్యాసు పోయింది." ఇంటివాళ్ళూ అదే అంటారు, చూడ్డానికి వచ్చిన కుర్రాడూ చాలాసార్లు అదే అంటాడు. వేలు పోసి గ్యాసు నింపిస్తారు. కొన్నాళ్ళకే మళ్ళీ అదే బాధ. ఈ తాలూకాలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్‌గా నేను చెప్పదలచుకున్నది ఇదే: ఆ సొమ్ము ఖర్చుపెట్టే ముందు, ఏసీ లోపల మిరియపు గింజంత ఉండే ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఒకసారి పరీక్ష చేయించండి. గ్యాసు అనేది వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట కారితే తప్ప తగ్గదు.

పావగడ కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో ఉన్నా, చుట్టూ చాలావరకు ఆంధ్ర సరిహద్దే. ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడ. మా ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తిరుమణి, వళ్ళూరు చుట్టుపక్కల సుమారు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టింది ఆ ఎండను చూసే. 2018లో మొదలై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. ఎండతోపాటు దుమ్మూ ఎక్కువే. ఇంత ఎండలో, ఇంత దుమ్ములో ఏసీ గంటలకొద్దీ నడవాలంటే, గది ఎంత వేడిగా ఉందో దానికి సరిగ్గా తెలియాలి. ఆ సంగతి చెప్పేది సెన్సరే.

మామూలు ఏసీలో ఇండోర్ యూనిట్‌లోనే రెండు సెన్సర్లుంటాయి. ఒకటి రూమ్ సెన్సర్. లోపలికి పీల్చే గాలి తగిలేలా ప్లాస్టిక్ క్లిప్పులో ఉంటుంది. రెండోది కాయిల్ సెన్సర్. కాయిల్‌కు అతికించిన చిన్న రాగి గొట్టంలో దూర్చి ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే ఔట్‌డోర్‌లో కూడా ఉంటాయి: బయటి గాలికి, అక్కడి కాయిల్‌కు, కంప్రెసర్ నుంచి వేడి గ్యాసు బయటికొచ్చే గొట్టానికి.

ఇవన్నీ థర్మిస్టర్లే. వేడి పెరిగేకొద్దీ వీటి నిరోధం తగ్గుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని 1833లోనే మైకేల్ ఫారడే గమనించాడు. చాలా ఏసీల్లో రూమ్ సెన్సర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. 5, 15, 20 కిలో ఓమ్‌లవీ ఉన్నాయి. ఏసీలోని కంట్రోల్ బోర్డు ఆ నిరోధాన్ని కొలిచి, దాన్నిబట్టి గది ఎన్ని డిగ్రీలుందో లెక్క కడుతుంది. సెన్సర్ తప్పు చెబితే బోర్డు తప్పు లెక్కనే నమ్ముతుంది.

పట్టుచీరలు నేసే వై.ఎన్. హొసకోటలో ఒక ఇంటికి పిలిచారు. ఏసీ కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతుంది. "పోయిన నెలే గ్యాసు నింపిచ్చినాం కదప్పా, మళ్ళీ గ్యాసే అంటాండారు" అని ఆ ఇంటి పెద్దమ్మ వాపోయింది. గేజ్ తగిలిస్తే ప్రెషర్ బాగానే ఉంది. మెయిన్ ఆపి, ముందు కవర్ తీసి, రూమ్ సెన్సర్ కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీశాను. మల్టీమీటర్‌ను 20కె (20 కిలో ఓమ్‌లు) రేంజ్ మీద పెట్టి చూశాను. గదిలో థర్మామీటర్ 34 డిగ్రీలు చూపిస్తోంది. ఆ వేడికి సెన్సర్ దాదాపు 6.8 కిలో ఓమ్‌లు చూపించాలి. మీటర్‌లో 9.6 వచ్చింది. అంటే ఏసీ దృష్టిలో గది 26 డిగ్రీలే. రిమోట్‌లో 24 పెట్టారు. గది రెండు మూడు డిగ్రీలు చల్లబడగానే, 24 వచ్చేసిందనుకుని బోర్డు కంప్రెసర్‌ను ఆపేస్తోంది.

కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి చూపించాను. వైరును పిన్నుకు నొక్కి బిగించిన చోట పచ్చగా చిలుము పట్టింది. కాయిల్ దగ్గర ఎప్పుడూ ఉండే తేమే దానికి కారణం. ఆ చిలుము అదనపు నిరోధంగా మారి, బోర్డుకు గదిని చల్లగా చూపించింది. అదే విలువ ఉన్న కొత్త సెన్సర్ వేసి, బోర్డు మీది పిన్నులు శుభ్రం చేయడంతో పని అయిపోయింది. "ఇంతేనా నాయనా? దీనికేనా అంత దుడ్డు పోసింది?" అందా పెద్దమ్మ. నిజంగా ఇంతే.

తప్పు దీనికి తలకిందులుగానూ జరగొచ్చు. సెన్సర్ గదిని ఉన్నదానికంటే వేడిగా చూపిస్తే కంప్రెసర్ ఆగదు. గది వణికించేంత చల్లబడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. సెన్సర్ లోపలికి తేమ చేరినా, క్లిప్పు ఊడి వేడి తగిలేచోట పడినా ఇలా అవుతుంది. క్లిప్పు ఊడి చల్లని కాయిల్‌కు ఆనుకుంటే మళ్ళీ త్వరగా ఆగిపోయే జబ్బే. వైరు పూర్తిగా తెగితేనో, షార్ట్ అయితేనో బోర్డు పట్టేసి ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. డైకిన్‌లో రూమ్ సెన్సర్‌కు సీ9, ఇండోర్ కాయిల్‌కు సీ4. ఎల్‌జీలో రూమ్ సెన్సర్‌కు సీహెచ్ 01. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క కాబట్టి కోడ్ కనిపించగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కానీ విలువ కొద్దిగా పక్కకు జరిగితే ఏ కోడూ రాదు. జనం ఎక్కువగా మోసపోయేది అక్కడే.

కాయిల్ సెన్సర్ తంటా ఇంకొకటి. సర్వీసింగ్‌లో కాయిల్ కడిగి, సెన్సర్‌ను రాగి గొట్టంలో తిరిగి దూర్చకుండా వదిలేస్తారు. అప్పుడు కాయిల్ మీద ఐసు గడ్డకట్టినా ఏసీకి తెలియదు. తర్వాత ఆ ఐసు కరిగి నీళ్ళు గోడ వెంట కారతాయి. కొన్ని మోడళ్ళలో కంప్రెసర్ నడుస్తున్నా కాయిల్ చల్లబడలేదని సెన్సర్ చెబితే, బోర్డు దాన్ని గ్యాసు లీకు కింద లెక్కగట్టి ఆగిపోతుంది. గ్యాసు నిండుగా ఉన్నా, సెన్సర్ గాలిలో వేలాడుతుంటే గ్యాసు లీకు కోడ్ వస్తుందన్నమాట.

అయితే ప్రతి దోషమూ సెన్సర్‌ది కాదు. ఉదయం బాగా నడిచి మిట్టమధ్యాహ్నం ఆగిపోతుంటే, ముందు మిద్దె మీది ఔట్‌డోర్ చూడండి. దాని కాయిల్ దుమ్ముతో మూసుకుపోయి నిజంగానే వేడెక్కి ఉంటుంది. సెన్సర్ ఆపింది కంప్రెసర్‌ను కాపాడటానికే.

ఇంట్లో మీరే చేసుకోగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ముందు ఫిల్టర్లు కడగండి. రిమోట్‌లో 'ఐ ఫీల్', 'ఫాలో మీ' లాంటి గుర్తు వెలుగుతుంటే తీసేయండి. ఆ పద్ధతిలో ఏసీ తన సెన్సర్‌ను వదిలి రిమోట్‌లోని సెన్సర్ మాట వింటుంది. రిమోట్ కిటికీ ఎండలో ఉంటే లెక్క తప్పుతుంది. తర్వాత ఏసీని 16 డిగ్రీలు, ఫ్యాను హై మీద పెట్టి, పావుగంట ఆగి థర్మామీటర్‌తో రెండుచోట్ల చూడండి: పైన గాలి లోపలికి పోయేచోట, కింద బయటికి వచ్చేచోట. తేడా 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే గ్యాసు తన పని చేస్తోందని ధైర్యంగా ఉండొచ్చు. అంత తేడా ఉండీ, మీరు మామూలుగా పెట్టుకునే 24 దగ్గర ఏసీ ముందే ఆగిపోతుంటే సెన్సర్‌ను అనుమానించాల్సిందే.

కవర్ తీసే పని మెకానిక్‌కే వదిలేయండి. ఔట్‌డోర్ జోలికి అసలు పోవద్దు. కరెంటు తీసేసినా కెపాసిటర్లలో ప్రాణాలు తీసే వోల్టేజీ కాసేపు నిలిచి ఉంటుంది. కొత్త ఏసీల్లో వాడే ఆర్32 గ్యాసు మంటకు అంటుకుంటుంది కూడా.

తోటి మెకానిక్ తమ్ముళ్ళకు రెండు మాటలు. సెన్సర్ దొరకలేదని దాని బదులు మామూలు రెసిస్టర్ వేసి ఏసీని నడిపించొద్దు. గది ఎలా మారినా బోర్డుకు ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఔట్‌డోర్‌లో అలా చేస్తే కంప్రెసర్‌కు రక్షణే ఉండదు. రెండోది, ఊడదీసిన సెన్సర్ మీద అనుమానముంటే స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు, కాసిని నీళ్ళు పోసి అందులో ముంచి, మీటర్‌ను 200కెకి మార్చి చూడండి. 10 కిలో ఓమ్‌ల సెన్సర్ 30 చుట్టుపక్కల నిలవాలి. తీసి వేళ్ళ మధ్య పట్టుకుంటే అంకె నిలకడగా తగ్గాలి. అటూ ఇటూ గెంతితే అది పోయినట్టే.

సెన్సర్ ఖరీదు గ్యాసు నింపే ఖర్చులో చిన్న భాగం. బోర్డు ఖరీదుతో పోలిస్తే ఇంకా తక్కువ. అందుకే ఎవరైనా "గ్యాసు పోయింది" అంటే రెండు చూపించమని అడగండి: గేజ్‌లో ప్రెషర్, మీటర్‌లో సెన్సర్ విలువ. గ్యాసు నిజంగా తగ్గి ఉంటే అది ఎక్కడ కారిందో కూడా చూపించమనండి. ఇవి చూపించకుండా సిలిండర్ ఎత్తేవాళ్ళకు డబ్బు ఇవ్వకండి.