వార్తల్లో పదం: రివర్స్ డీఎన్‌ఎస్

2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వపు టి-ఫైబర్ అంతర్జాల సేవ ప్రయోగాత్మకముగా ప్రారంభమైన గ్రామములలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన అడవి శ్రీరాంపూర్ ఒకటి కాగా, పల్లెలకు సైతము అంతర్జాలము విస్తరించుచున్న యీ తరుణమున చిన్న నెట్‌వర్కుల నిర్వాహకు లెరుగదగిన పదమిది.

యంత్రములకు నియమితకాలమునకై ఐపీ చిరునామాల నొసగునది డీహెచ్‌సీపీ. పేరునుబట్టి చిరునామాను దెలుపునది డీఎన్‌ఎస్. చిరునామానుబట్టి పేరును దెలుపునది, పీటీఆర్ నమోదులే ఆధారముగాగల రివర్స్ డీఎన్‌ఎస్.

డీహెచ్‌సీపీ సర్వరు యంత్రముల వివరములను డీఎన్‌ఎస్‌లో చేర్చునపుడు పేరు నమోదై పీటీఆర్ నమోదు మాత్రము విఫలమైనచో, ఉదాహరణకు 192.168.1.0 శ్రేణికి అంకెలు తిరుగవేసి ‘1.168.192.ఇన్-యాడర్.ఆర్పా’ యను జోను (డీఎన్‌ఎస్ నమోదుల విభాగము) సృష్టింపబడినదా, దానిని సవరించు అధికారము డీహెచ్‌సీపీ సర్వరునకు గలదా, గడువు తీరిన పూర్వపు నమోదు అడ్డుపడుచున్నదా యని వరుసగా పరీక్షింపవలెను. ఈ మూడింటిలో మొదటిదే తరచుగా విస్మృతమగును.