కృత్రిమ దంతానికి ఎముక కోరే గడువు

విరిగిన ఎముకను కదపవద్దని రోగులకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన వైద్యుణ్ణి నేను. గత సంవత్సరం నా కింది దవడ పన్ను ఒకటి పోయినప్పుడు మాత్రం ఆ మాట మరచాను. అమ్మాయి పెళ్లి ఆరు వారాలలో ఉంది. దంతవైద్యుడు ఎముకలో టైటానియం మర అమర్చి, చిగురు కుట్టి, పైపన్ను మూడు నెలల తరువాతే అన్నారు. నేను బతిమాలాను. "మీ ఎముక మెత్తగా ఉందండీ, మరకు తగినంత పట్టు రాలేదు" అని ఆయన ఒప్పుకోలేదు.

కారణం పాఠకులు గ్రహించదగినది. అమర్చిన రోజున మరను నిలిపేది పాత ఎముక బిగువు మాత్రమే. తరువాత శరీరం ఆ ఎముకను కొంత కరిగించి, కొత్తది నిర్మిస్తుంది. అందువల్ల రెండు నుండి నాలుగు వారాల మధ్య పట్టు మొదటి రోజుకన్నా సడలుతుంది. నొప్పి తగ్గి మనకు ధైర్యం వచ్చేది సరిగ్గా అప్పుడే! ఆ దశలో నమిలే ఒత్తిడికి మర మిల్లీమీటరులో పదో వంతుకు మించి పదే పదే కదిలితే, చుట్టూ ఎముకకు బదులు మెత్తని నారపొర ఏర్పడవచ్చు. అప్పుడు దానిని తీసివేయవలసిందే.

టైటానియంను ఎముక తనలో కలుపుకుంటుందని 1950వ దశకంలో కుందేళ్లపై గమనించినవారు స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్. 1965లో తొలి రోగికి అమర్చారు. కింది దవడకు 3 నెలలు, పైదవడకు 6 నెలలు ఆగడం ఆనాటి నియమం. నేడు మర గట్టిగా బిగిసిన రోగులకు వారంలోపే పన్ను పెడుతున్నారు. రోగిని సరిగా ఎంచుకుంటే ఎముక తరుగుదలలో పెద్ద తేడా ఉండటం లేదు. పొగత్రాగేవారికి, మధుమేహం అదుపులో లేనివారికి తొందర తగదు.

ఎముక అతుక్కోవడానికి బాల్యంలో ఒక నెల, నడివయసులో రెండు, వార్ధక్యంలో మూడు నెలలు పడుతుందని సుశ్రుతుడు భగ్నచికిత్సలో చెప్పాడు. ఆయన చెప్పినది విరిగిన ఎముకను గురించే అయినా, నా వయసుకు లెక్క సరిపోయింది.

ఇంట్లో నల్లేరు పచ్చడి చేశారు, ఇష్టంగా తిన్నాను. అది గడువును తగ్గిస్తుందని మాత్రం ఏ రోగికీ చెప్పను. కుట్లు మానే వరకు నువ్వుల నూనె పుక్కిలించడం కూడా మానుకున్నాను.

పెళ్లిలో అరిసెలను రెండోవైపు పళ్లతోనే నమిలాను. నాలుగవ నెలలో ఎక్స్‌రే చూసి పన్ను బిగించారు. తొలి సంవత్సరంలో మర మెడ వద్ద ఒక మిల్లీమీటరు దాకా ఎముక తరగడం మామూలేనట. నా తదుపరి ఎక్స్‌రే వచ్చే నెలలో ఉంది.