జీవోలో ఒక మాట జారింది, ఓబుళాపురంలో గుట్ట కరిగింది

రాయదుర్గం: రాయదుర్గం నుంచి బళ్లారికి పోయే దారిలో డి.హీరేహాళ్ దాటి రాష్ట్ర సరిహద్దు చేరువవుతున్న కొద్దీ ఎర్రమన్ను మరింత ఎర్రబడుతుంది. ఓబుళాపురం వద్ద బస్సు దిగి తల ఎత్తి చూస్తే కత్తితో కోసిన గుమ్మడికాయల్లాగా నిలువునా తెగిన గుట్టలు కనిపిస్తాయి. ఇవి వానకు కరిగినవి కావు, గాలికి అరిగినవీ కావు. గట్టిగా లెక్కవేస్తే పట్టుమని పదేళ్లు కూడా పట్టని వ్యవధిలో యంత్రాలు తవ్వి, లారీలు మోసి, ఓడలు ఎక్కించి పంపగా మిగిలిన గుట్టలివి.

గుట్టలు తవ్వడానికి చట్టాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. 1957 నాటి గనుల చట్టం ఉంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఉంది. పర్యావరణ అనుమతి నిబంధనలున్నాయి. అటవీ శాఖ, గనుల శాఖ, రెవెన్యూ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, అందరూ ఉన్నారు. రక్షిత అడవిలో మన గొర్రెల కాపరి ఒక కొమ్మ నరికితే పట్టుకోవడానికి గార్డు ఉన్నాడు. మన రైతు బోరు వేయాలంటే వాల్టా చట్టం ఉంది. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయరాదని 2002 నుంచి ఆ చట్టం చెబుతూనే ఉంది. ఇన్ని కళ్లు కాపలా ఉండగా గుట్టలు ఎలా పోయాయన్నదే ఈ కథ.

సరిహద్దు రాళ్ల సంగతి

ముందుగా ఒక పాత విషయం చెప్పుకోవాలి. ఈ గుట్టల్లోని అడవికి రికార్డుల్లో 'బళ్లారి రిజర్వు ఫారెస్టు' అని పేరు. అనంతపురం జిల్లాలోని అడవికి బళ్లారి పేరెందుకని కొత్తవారికి సందేహం రావచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. అంతకు ముందు ఒకే జిల్లాగా ఉన్న గుట్టల మధ్య రాష్ట్రాల గీత పడింది. ఇటు వాళ్లు అటు పిల్లనిచ్చుకున్నారు, అటు వాళ్లు ఇటు సంతకు వచ్చారు. గీత ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. ఆ గీత కింద ఇనుప రాయి ఉందని, ఆ రాయికి విదేశాల్లో ధర పలుకుతోందని తెలిసే దాకా దానితో ఎవరికీ పనిపడలేదు.

2000 తరువాత చైనాలో ఉక్కు గిరాకీ విపరీతంగా పెరిగింది. 2008లో బీజింగులో ఒలింపిక్ క్రీడలు జరగనుండటంతో అక్కడ కట్టడాలకు ఊపు వచ్చింది. లోగడ అడిగే దిక్కులేని ఖనిజం టన్ను వేల రూపాయలు పలికింది. అదే సమయంలో సర్కారుకు దక్కే రాయల్టీ మాత్రం టన్నుకు 27 రూపాయలు దాటలేదు. 2009 ఆగస్టులో గాని కేంద్రం దాన్ని ధరలో నూటికి 10 వంతుగా మార్చలేదు. అప్పటికే ఎన్ని లారీలు సరిహద్దు దాటాయో ఆ దారి పక్క పల్లెల వారికి తెలుసు.

ఓబుళాపురం మైనింగ్ కంపెనీ 2002లో గాలి జనార్దనరెడ్డి చేతికి వచ్చింది. అప్పటికి దానికున్నది 25.98 హెక్టార్ల లీజు, అంటే 64 ఎకరాలు. చుట్టుపక్కల మరికొన్ని కంపెనీల లీజులూ ఉన్నాయి. ఒక లీజు హద్దు దాటి మరొక లీజులోకి, లీజు హద్దు దాటి అడవిలోకి, అడవి హద్దు దాటి పక్క రాష్ట్రంలోకి తవ్వారన్నది ఆరోపణ. సరిహద్దుకు గుర్తుగా నిలిచిన సుగ్గులమ్మ గుడి 2006లో పేలుడుకు నేలమట్టమైంది. అమ్మవారికే దిక్కులేకపోతే రాళ్లనెవరు కాస్తారు? చివరకు రెండు రాష్ట్రాల సర్వే అధికారుల లెక్కలు కుదరక, సరిహద్దు తేల్చే పని సర్వే ఆఫ్ ఇండియాకు అప్పగించవలసి వచ్చింది.

ఆ రెండు జీవోలు

రాళ్లు కదపడం కొండ మీద జరిగే పని. అంతకన్నా పెద్ద పని హైదరాబాదులో కాగితం మీద జరిగింది. 2007 జూన్ 18న రాష్ట్ర ప్రభుత్వం 151, 152 నంబర్లతో రెండు జీవోలు జారీచేసి ఓబుళాపురం కంపెనీకి మరో 68.5 హెక్టార్లు, 39.5 హెక్టార్లు లీజుకిచ్చింది. రెండూ కలిపితే సుమారు 267 ఎకరాలు. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి ఉక్కు కర్మాగారం కడతామని, దానికి ముడిసరుకు కావాలని చెప్పి తెచ్చుకున్న లీజులివి. ఆ కర్మాగారానికి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి అదే నెలలో శంకుస్థాపన చేశారు. 10,760 ఎకరాల భూమి కూడా కేటాయించారు.

రాష్ట్రం నుంచి కేంద్రానికి పోయిన ప్రతిపాదనలో ఈ ఖనిజం సొంత కర్మాగారం అవసరాలకే అన్న షరతు ఉంది. కేంద్రం సరేనన్నది. తీరా జీవో అచ్చయ్యేసరికి ఆ షరతు చెప్పే మాట అందులో లేదు! సీబీఐ పెట్టిన కేసుకు ఇదే ఆయువుపట్టు. ఆ ఒక్క మాట ఉంటే ఖనిజం జమ్మలమడుగు పోవాలి, అక్కడ ఉక్కు కావాలి, మన సీమ పిల్లలకు కొలువులు దొరకాలి. ఆ మాట లేకపోతే ఖనిజం నేరుగా రేవుకు పోవచ్చు. పోయింది కూడా రేవుకే. బ్రహ్మణి కొలిమి మాత్రం ఏనాడూ రాజుకోలేదు.

పల్లెలో పాసుపుస్తకంలో ఒక అక్షరం తప్పుపడితే దిద్దించుకోవడానికి రైతు మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో చెప్పనక్కరలేదు. రాజధానిలో మాత్రం ఒక మాట ఇంత సులువుగా ఎగిరిపోయింది.

2008 మే నెలలో కర్ణాటకలో కొత్త ప్రభుత్వం వచ్చింది. లీజుదారు గాలి జనార్దనరెడ్డి అక్కడ పర్యాటక మంత్రి అయ్యారు. ఆయన అన్న కరుణాకరరెడ్డి రెవెన్యూ మంత్రి, మిత్రుడు శ్రీరాములు ఆరోగ్య మంత్రి. తవ్వేవారు, తవ్వకాలను కనిపెట్టవలసిన ప్రభుత్వంలోని వారు ఒకరే అయితే కింది అధికారి ఎవరికి నోటీసు ఇవ్వాలి? ఇచ్చిన వారికి ఏమైందో చూపే ఉదంతం కార్వార్ దగ్గర బెలెకేరి రేవులో జరిగింది. 2010లో అటవీ అధికారి ఆర్.గోకుల్ అక్కడ దొంగ ఖనిజం జప్తు చేశారు. జప్తు చేసిన సరుకులో లక్షల టన్నులు మాయమయ్యాయి. సరుకు మాయం చేసిన వారి మాట అటుంచి, పట్టుకున్న గోకుల్‌నే సస్పెండు చేయాలని శాఖ మంత్రి పట్టుబట్టారు. దీనికి మనసు విరిగిన లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే 2010 జూన్‌లో రాజీనామా చేశారు. పెద్దలు నచ్చజెప్పగా వెనక్కు తీసుకున్నారు. ఆయనే 2011 జూలై 27న ఇచ్చిన నివేదికతో ముఖ్యమంత్రి యడ్యూరప్ప గద్దె దిగారు. అదే వారంలో బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలను సుప్రీంకోర్టు నిలిపివేసింది.

పదిహేనేళ్ల విచారణ

మన వైపు కేసు నడక చూస్తే ఎడ్లబండి నయమనిపిస్తుంది. 2009 చివర రోశయ్య ముఖ్యమంత్రిగా ఉండగా రాష్ట్రం కోరికపై డిసెంబరు 7న సీబీఐ కేసు పెట్టింది. వెంటనే హైకోర్టు స్టే. ఏడాదికి, 2010 డిసెంబరులో గాని స్టే తొలగలేదు. 2011 సెప్టెంబరు 5న గాలి జనార్దనరెడ్డిని, కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు బి.వి.శ్రీనివాసరెడ్డిని అరెస్టు చేశారు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు జనార్దనరెడ్డికి బెయిలు ఇస్తూ బళ్లారి, అనంతపురం, కడప జిల్లాల్లో అడుగుపెట్టరాదని షరతు విధించింది.

2025 మే 6న హైదరాబాదులోని సీబీఐ కోర్టు తీర్పు చెప్పింది. గాలి జనార్దనరెడ్డి, శ్రీనివాసరెడ్డి, గనుల శాఖ అప్పటి డైరెక్టరు వి.డి.రాజగోపాల్, మరొకరికి ఏడేళ్ల జైలు. అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డిని, విశ్రాంత ఐఏఎస్ అధికారి కృపానందంను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పటి పరిశ్రమల కార్యదర్శి శ్రీలక్ష్మిని 2022లో హైకోర్టు కేసు నుంచి తప్పించగా, ఆ ఉత్తర్వును 2025 మేలోనే సుప్రీంకోర్టు కొట్టివేసింది. సర్కారుకు 884 కోట్ల రూపాయల నష్టం జరిగిందని సీబీఐ లెక్క. శిక్ష పడిన వారు అప్పీలు చేయగా 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చింది.

ఈ లెక్కల్లో కనిపించని నష్టం ఒకటుంది. జిల్లా సగటు వాన 552 మిల్లీమీటర్లు. ఆ పడే నాలుగు చినుకులు గుట్ట మీద చెట్టూ పుట్టా ఉంటే ఇంకి, మెల్లగా వంకలోకి దిగుతాయి. గుట్ట చీలితే మట్టి కొట్టుకువచ్చి చెరువు పూడుతుంది. అప్పు చేసి లారీ కొన్నవాడి బాధ వేరు. తవ్వకాలు ఆగిన నాడు కంతులు ఆగలేదు.

కోనసీమ గ్యాసు బావులు

ఇది ఇనుప రాయికే పరిమితమైన సంగతి కాదు. గోదావరి డెల్టాలో గ్యాసు కోసం బావులు తవ్వుతారు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి నిప్పంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఇంత జరిగిన తరువాత నిబంధనలు బిగుస్తాయని ఎవరైనా అనుకుంటారు. 2020 జనవరి 16న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషను చమురు, గ్యాసు వెదకడానికి తవ్వే బావులను 'బి2' అనే తరగతిలోకి మార్చింది. ఆ తరగతి పనులకు ఊరివారిని పిలిచి ప్రజాభిప్రాయ సేకరణ జరపనక్కరలేదు. అక్కడ జీవోలో మాట జారితే, ఇక్కడ నిబంధనలోంచి ఊరే జారింది. తేడా ఒక్కటే. ఇది దొంగచాటుగా కాక గెజిటులో అచ్చువేసి చేసిన పని.

ప్రజాభిప్రాయ సేకరణ వల్ల ఒరిగేదేమిటని పెదవి విరిచే వారున్నారు. షామియానా, నాలుగు కుర్చీలు, కంపెనీ వారు తోలుకొచ్చిన జనం, పులిహోర పొట్లం అంతేనంటారు. అది కొంత నిజమే. అయినా నిబంధన ఏం చెబుతోందో మనకు తెలిసి ఉండటం మంచిది. సభకు 30 రోజుల ముందు తెలుగు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు గాని, ఆయన తరఫున పెద్ద అధికారి గాని కూర్చోవాలి. ఊరివారు చెప్పిన ప్రతి అభ్యంతరం రాసుకోవాలి. సభ ముగిసేటప్పుడు రాసుకున్నది తెలుగులో చదివి వినిపించాలి. చదవకపోతే చదవమని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. అనుమతి వచ్చాక దాని నకలు పంచాయతీకి చేరాలి, పంచాయతీ వారు దాన్ని 30 రోజులపాటు బోర్డు మీద అంటించాలి.

ఆ నకలులో ఎన్ని హెక్టార్లు, ఏ సర్వే నంబరు, ఏ షరతులు అన్నవి ఉంటాయి. ఊళ్లో చదువుకున్న కుర్రవాడి చేత ఒకసారి గట్టిగా చదివించుకుని, గ్రామ పటంతో సరిచూసుకోవచ్చు. కాగితం రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టవచ్చు. ఓబుళాపురం జీవోలు వెలువడే నాటికి ఆ చట్టం వచ్చి రెండేళ్లయింది.