తయారీ నిలిచిన పనిముట్లకు విడిభాగములు సంపాదించు విధము

కర్షకునకు నాగలి యెట్టిదో, నేటి గ్రామ కర్మశాలకు విద్యుత్తుచే నడచు డ్రిల్లును, గ్రైండరును, లేతును అట్టివి. నాగటి కఱ్ఱు అరిగినచో కమ్మరి దానిని కొలిమిలో కాచి సాగగొట్టి యిచ్చును. మొదట దానిని చేసినవాడెవడని యెవరును అడుగరు. విద్యుత్పనిముట్టు ఆగినపుడు మాత్రము దుకాణదారుడు వేయు మొదటి ప్రశ్న "ఇది యే కంపెనీది?" అనునదే. ఆ కంపెనీ మూతవడినదనియో, ఆ నమూనా చేయుట మానినారనియో తెలిసినంతనే సభ్యుడు నిరాశుడై, పనిముట్టును పాత యినుము ధరకు తూచి యిచ్చివేయుచున్నాడు.

ఈ నష్టము చిన్నది కాదు. ఉడుపుల దినములలో పంపుసెట్టు పనికి కావలసిన గ్రైండరు ఆగినను, గానుగాట దినములలో చెఱకు గానుగకు బోల్టు రంధ్రము వేయవలసిన డ్రిల్లు ఆగినను, నష్టము పనిముట్టు ఖరీదుతో తీరదు. నీరందక యెండిన మడియు, నరికి పడవేయగా కళ్ళమున రసమింకిన చెఱకును ఆ లెక్కలోనికే వచ్చును. కావున తయారీ నిలిచిన పనిముట్టును తిరిగి నడిపించుటకు మార్గము కలదా, కలదేని అది యెట్టిది అను విషయము ప్రతి సంఘసభ్యుడును తెలిసికొనదగియున్నది.

తయారుచేసినవారు పోయినను భాగములు పోవు

మన దేశమున పేరుపొందిన యంత్రనిర్మాతలలో పలువురు నేడు లేరు. హరిహరమున 1941లో స్థాపింపబడి లేతులకు ప్రసిద్ధి గాంచిన మైసూరు కిర్లోస్కరు సంస్థ మూతవడినది. సికందరాబాదున 1943లో వెలసిన ప్రాగా టూల్సు సంస్థ పనిముట్లకు సానబట్టు యంత్రములను, డ్రిల్లు చక్కులను, లేతు చక్కులను చేసి, పిదప హెచ్.ఎం.టి. సంస్థలో కలిసిపోయినది. జెకోస్లొవేకియా దేశపు జెటారు సంస్థ సహాయముతో 1971లో పింజోరునందు ఆరంభమైన హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము 2016 అక్టోబరులో తీర్మానించినది. వీరు చేసిన యంత్రములు మాత్రము నేటికిని పెక్కు కర్మశాలలలోను, పొలములలోను పనిచేయుచున్నవి.

నిర్మాత పోయినంతమాత్రమున యంత్రము చావదనుటకు లిస్టరు ఇంజను చక్కని తార్కాణము. ఇంగ్లండునందలి డర్స్‌లీ పట్టణమున 1929-30 ప్రాంతమున మొదలిడబడిన ఆ నెమ్మదినడక ఆయిలు ఇంజనును స్వదేశమున 1980లలోనే చేయుట మానినారు. కాని దాని నమూనాను, కొలతలను అనుసరించి గుజరాతునందలి రాజకోట కర్మశాలలు పిస్టన్లు, రింగులు, వాల్వులు, తుదకు పూర్తి ఇంజన్లు కూడ చేయసాగినవి. కొలత నిలిచియున్నంతవరకు భాగము దొరకునని దీనివలన తెలియుచున్నది.

విద్యుత్పనిముట్ల విషయమున ఇది మరింత నిజము. ఏలయన డ్రిల్లు చేయు కంపెనీ ఆ డ్రిల్లునందలి ప్రతి భాగమును తానే చేయదు. బేరింగులను ఒకరియొద్దను, బెల్టులను వేరొకరియొద్దను, స్విచ్చిని మరియొకరియొద్దను కొని కూర్చును. పైపెట్టెయు, పండ్లచక్రములును, ఆర్మేచరును మాత్రమే సాధారణముగ ఆ నమూనాకు ప్రత్యేకములు. కావున కంపెనీ పేరుతో వెదకుట మాని, భాగము పేరుతోను, కొలతతోను వెదకవలయును.

బేరింగులు

బేరింగు పక్కభాగమున ఒక సంఖ్య చెక్కబడి యుండును. ఈ సంఖ్యలు లోకమంతట ఒక్కటే. 6200 అనిన లోపలి రంధ్రము 10 మిల్లీమీటర్లు. 6201 అనిన 12. 6202 అనిన 15. 6203 అనిన 17. ఆపైన చివరి రెండంకెలను 5చే హెచ్చించిన లోపలి రంధ్రము వచ్చును: 6204 అనిన 20, 6205 అనిన 25. చేతిపనిముట్లలో తరచు కనబడు 608 బేరింగు లోపల 8, వెలుపల 22, మందము 7 మిల్లీమీటర్లు. సంఖ్య చెరిగిపోయినచో వెర్నియరుతో ఈ మూడు కొలతలు తీసినచాలును. సంఖ్య తరువాత జెడ్.జెడ్. అనియున్న రేకు మూతలును, ఆర్.ఎస్. అనియున్న రబ్బరు మూతయు కలవని యర్థము. దుమ్ములో తిరుగు గ్రైండరునకు రెండువైపుల రబ్బరు మూత గలది మేలు. ధర మిక్కిలి తక్కువయని నకిలీ బేరింగు కొనువాడు త్వరలోనే ఆర్మేచరును గూడ పోగొట్టుకొనును.

బెల్టులు, పండ్లచక్రములు

త్రికోణపు బెల్టునకు పైన వెడల్పు 13, మందము 8 మిల్లీమీటర్లున్న అది ఎ తరగతి. 17, 11 ఉన్న బి తరగతి. తరువాతి సంఖ్య లోపలి పొడవును అంగుళములలో తెలుపును. ఎ-42 అనిన లోపలి పొడవు 42 అంగుళములు. బెల్టు తెగి అక్షరములు కనబడకున్నను, రెండు పుల్లీల చుట్టును త్రాడు చుట్టి కొలిచిన పొడవు దాదాపుగ తెలియును.

పండ్లచక్రము దొరకనిచో చేయింపవచ్చును. నిలువుపండ్ల చక్రమునకు వెలుపలి వ్యాసమును, పండ్ల సంఖ్యకు 2 కూడగా వచ్చిన దానిచే భాగించిన, మాడ్యూలు అను కొలత వచ్చును. 28 పండ్లు గల చక్రపు వ్యాసము 45 మిల్లీమీటర్లైనచో మాడ్యూలు 1.5. ఈ యంకె చెప్పినంతనే చక్రములు కోయు పనివానికి ఏ కత్తి వాడవలెనో తెలియును. వాలుపండ్ల చక్రమునకు ఈ లెక్క సరిపడదు. దానికి పాత చక్రమును, దానితో కలిసి తిరుగు జతచక్రమును రెంటిని చూపవలయును. కావున పండ్లు విరిగిన చక్రపు ముక్కలనైనను పారవేయరాదు.

మరల తికమక

పాత యంత్రములను విప్పి బిగించునపుడు అధికముగ చెడునవి బోల్టుల మరలే. మన దేశమున మెట్రిక్కు కొలతల చట్టము 1956లో వచ్చి, 1958 నుండి క్రమముగ అమలుజరిగినది. అంతకు పూర్వపు యంత్రములలోను, ఆ నమూనాల ననుసరించి పిదప చేయబడిన వానిలోను ఇంగ్లీషు విట్‌వర్తు మరలు కలవు. విట్‌వర్తు మర కోణము 55 డిగ్రీలు. మెట్రిక్కు మర కోణము 60 డిగ్రీలు. అరంగుళపు విట్‌వర్తు బోల్టునకు అంగుళమునకు 12 మరలు. అదే లావున అమెరికా బోల్టునకు 13. చూపునకు రెండును ఒక్కటే. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగిసినపుడు పెద్ద పానాతో బలవంతము చేసినచో బోల్టును, యంత్రపు పోతయు రెండును చెడును. మరలు కొలుచు గేజి ధర స్వల్పము. ప్రతి సంఘ కర్మశాలలోను ఒకటి యుండవలయును.

కార్బను బ్రష్షులు, ఆర్మేచరు

ఆగిపోయిన డ్రిల్లులలో పెక్కింటికి రోగము కార్బను బ్రష్షులు అరిగిపోవుటయే. అదే కొలత బ్రష్షు దొరకనిచో కొంచెము పెద్దది కొని, చదునైన పలకపై గరుకు కాగితము పరచి, సమముగ రుద్ది సరిపుచ్చవచ్చును. అది గూటిలో బిగువుగాక, వదులుగాక సులువుగ జారవలయును. రెండు బ్రష్షులను ఒక్కమారే మార్చవలయును. మిక్కిలి గట్టి కార్బను కమ్యుటేటరును తినివేయును. కావున పాతదానివంటి రకమునే అడుగవలెను.

ఆర్మేచరు కాలినచో తిరిగి చుట్టింపవచ్చును. అయితే పాత తీగను కోసివేయుటకు ముందే గాళ్ళెన్ని, కమ్యుటేటరు పలుకలెన్ని, ఒక్కొక్క గాడిలో చుట్లెన్ని, తీగ గేజి యెంత, ఏ గాడినుండి ఏ పలుకకు కలిపిరి అను సంగతులను వ్రాయించి, ఆ కాగితమును యజమాని దాచుకొనవలయును. మరల కాలినపుడు ఆ కాగితమే కంపెనీ పుస్తకమునకు బదులు పనికివచ్చును.

విశాఖపట్టణపు వసతి

ఈ పనులకు మన జిల్లాలవారికి విశాఖపట్టణమువంటి వసతి అరుదు. 1933లో ఓడరేవు తెరువబడినది. 1941లో సింధియా వారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగినది. అదియే నేటి హిందూస్థాన్ షిప్‌యార్డు. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి వేయబడి, 1992లో అది జాతికి అంకితమైనది. ఈ పెద్ద సంస్థలను ఆశ్రయించి కంచరపాలెము పారిశ్రామికవాడలోను, గాజువాక ఆటోనగరమునందును లేతు పనివారు, పోత పనివారు, మోటార్లు చుట్టువారు స్థిరపడిరి. ఓడపంపునకు ఇరుసు తరచగల చేతికి గ్రామపు గ్రైండరు ఇరుసు అసాధ్యము కాదు. కాని ఆ పనివాని యొద్దకు వట్టిచేతులతో పోరాదు. అరిగిన భాగమును, దానికి జతయైన భాగమును, గుర్తుపలకపైనున్న వోల్టులు, వాట్లు, నిమిషమునకు చుట్లు అను సంఖ్యలను వెంట గొనిపోవలయును.

ఓడలనుండి విప్పి అమ్మిన మోటార్లను, విదేశముల పాత పనిముట్లను కొనువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. మన విద్యుత్తు 230 వోల్టులు, 50 సైకిళ్ళు. 110 వోల్టుల పనిముట్టును నేరుగ తగిలించిన క్షణములో కాలును. 60 సైకిళ్ళ మోటారు మన విద్యుత్తుపై ఆరవవంతు తక్కువ వేగముతో తిరుగుచు వేడెక్కును.

ప్రాణమునకు సంబంధించిన హద్దులు

సరిపుచ్చుట మంచిదే కాని అన్నిట సరిపుచ్చరాదు. గ్రైండరు చక్రముపై వ్రాసియున్న గరిష్ఠ వేగము యంత్రపు వేగముకంటె హెచ్చుగ నుండితీరవలయును. నిమిషమునకు 11,000 చుట్లు తిరుగు చేతి గ్రైండరుపై 100 మిల్లీమీటర్ల చక్రపు అంచు సెకనుకు సుమారు 58 మీటర్ల వేగముతో పోవును. దానికే పైమూత తీసివేసి 180 మిల్లీమీటర్ల చక్రము తగిలించిన, అంచు వేగము సుమారు 104 మీటర్లగును. ఇట్టి చక్రములకు సాధారణముగ హద్దు 80 మీటర్లు. అంతకు మించిన చక్రము పగిలి తునకలు పనివాని ముఖమునకు తగులును. ఇనుప పెట్టె గల పాత డ్రిల్లునకు మూడు తీగల త్రాడును, ఎర్తును లేనిదే విద్యుత్తు తగిలింపరాదు. పైపెట్టె పగిలినను, లోపలి తీగ తొడుగు రాలిపోయినను, ఆ పనిముట్టును నడుపక, దాని మంచి భాగములను మాత్రము తీసి దాచుటయే వివేకము.

సంఘము చేయదగిన పని

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క సభ్యుడు చేయగల పని. ఇందు నాలుగు పనులు సంఘము పూనుకొననిదే నెరవేరవు. మొదటిది: సభ్యులయొద్దనున్న పంపుల, పనిముట్ల గుర్తుపలక సంఖ్యలను, బేరింగు, బెల్టు, బ్రష్షుల కొలతలను ఒక పుస్తకమున వ్రాసియుంచుట. రెండవది: చచ్చిన పనిముట్టును పాత యినుమునకు అమ్మక, సంఘమునకు ఆ ధరకే యిచ్చి, పనికివచ్చు భాగములను వేరుచేసి దాచుట. ఒకే నమూనా పనిముట్లు మూడు చెడినచో వానినుండి ఒకటి బాగుపడుట తరచు సాధ్యమగును. మూడవది: అందరికి కావలసిన బేరింగులను, బెల్టులను పని ఋతువునకు ముందే ఒక్కమారు కొని నిలువచేయుట. నాల్గవది: క్రొత్త పనిముట్టు కొనునపుడు ధరతోపాటు, విడిభాగముల పట్టిక యిత్తురా, ఎన్ని యేండ్లు అందింతురు అని సంఘము పేర వ్రాతమూలకముగ అడుగుట. ఒక్క రైతు అడిగిన వినని వర్తకుడు నూరుగురి పక్షమున సంఘము అడిగిన వినును.

ఈ విషయమున ప్రభుత్వము వారును కొంత కదలినారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో "మరమ్మతు హక్కు"ను గూర్చి ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న అందుకొఱకు ఒక జాలస్థలమును తెరచినది. అందు ముందుగ గైకొనిన నాలుగు రంగములలో వ్యవసాయ పనిముట్లు ఒకటి. తయారీదారులు మరమ్మతు వివరములను, విడిభాగముల సంగతులను కొనుగోలుదారులకు తెలుపవలెననుట దీని యుద్దేశము.

నేటి అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక గ్రామమును తలచుకొనుడు. 1933లోనే అచ్చటి కర్షకులు సహకార పద్ధతిని చక్కెర పరిశ్రమకు పూనుకొనిరి. ఆ గ్రామముననే అంకుడు కఱ్ఱను లేతుపై తరచి లక్క బొమ్మలు చేయువారును కలరు. కర్షకుల కూడికయు, పనివాని చేతినేర్పును ఒక్క ఊర నిలువగలవనుటకు అది నిదర్శనము. పై నాలుగు పనులలో మొదటిదానికి ధనముతో పనిలేదు. ఒక పుస్తకమును, వెర్నియరును చాలును. రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును తన పంపుసెట్టు గుర్తుపలకపైనున్న సంఖ్యలను ఒక కాగితముపై వ్రాసి తెచ్చినచో, ఆ దినముననే ఆ పుస్తకము ఆరంభమగును.